బరువు వదలడం మళ్లీ నేర్పినవారికి కృతజ్ఞతలు

2023 ఆగస్టు నుంచి 2025 ఆగస్టు దాకా, నిండా రెండేళ్లు, నేను మద్యం ముట్టలేదు, నొప్పి మాత్ర వేసుకోలేదు. నన్ను ఇక్కడిదాకా తెచ్చినవారి ఇళ్లకు వెళ్లి ఇప్పటికే నమస్కరించి వచ్చాను. కానీ నేను పడిపోయింది నలుగురి కళ్లెదుట గనుక, వారికి కృతజ్ఞతలు చెప్పుకోవడం కూడా నలుగురి ఎదుటే జరగాలన్నది నా కోరిక. పేర్లు రాయవద్దని వారు అడిగారు, రాయడం లేదు.

నన్ను ఎరుగనివారి కోసం కొంత చెప్పాలి. మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. 2000 సెప్టెంబరులో కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు లిఫ్టులు కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచినప్పుడు నాకు పదేళ్లు. మా వైపు ఎందరో పిల్లల్లాగే మరుసటి ఏడాది నేనూ బరువుల షెడ్డులో చేరాను. మాస్టారు మొదటి నెలంతా ఖాళీ బార్, అంటే బరువులు తగిలించని ఇనుప కడ్డీ, చేతికిచ్చి, తలపైకి ఎత్తిన బరువు అదుపు తప్పితే దాన్ని ఎలా వదలాలో, వదిలి ఎటు తప్పుకోవాలో అదొక్కటే చేయించారు. ప్లాట్‌ఫాం మీద లిఫ్టర్ వెనుక పట్టుకునేవారు ఎవరూ ఉండరు గనుక, వదలడం రానివాడికి ఎత్తడం నేర్పనని ఆయన పట్టుదల. ఆ చదువుతోనే నాకు జాతీయ పోటీల్లో పతకాలు, శిక్షణ శిబిరానికి పిలుపు, క్రీడాకోటాలో ఉద్యోగం వచ్చాయి.

2015లో క్లీన్ అండ్ జర్క్, అంటే బరువును ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి తలపైకి ఎత్తడం, సాధన చేస్తుండగా నడుములో డిస్కు జారింది. వైద్యులు రెండు వారాలకని ట్రమడాల్ మాత్రలు రాశారు. అందులో వారి తప్పేమీ లేదు, రెండు వారాల తర్వాత ఆపకపోయినది నేను. అది నల్లమందు తరహాలో మెదడు మీద పనిచేసే మందు. నొప్పి తగ్గిన తర్వాత కూడా శరీరం దాన్నే అడుగుతుంది, నిన్న చాలిన మోతాదు నేడు చాలదు. నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకోవడం, ఎవరికీ చెప్పకపోవడం క్రీడాకారుడికి గొప్ప గుణమని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ని గనుక, దాన్ని కూడా అలాగే దాచాను. అప్పట్లో ట్రమడాల్ క్రీడా నిషేధ జాబితాలో లేదు, పోటీల సమయంలో దాన్ని నిషేధించినది 2024 జనవరి 1 నుంచి. మద్యం ఎటూ మా ఆటలో డోపింగ్ పరీక్షకు తప్పు కాదు. పరీక్షలో పట్టుబడనిది నన్ను ఏమీ చేయదని నమ్మాను. 2016లో పోటీలు మానేసిన తర్వాత, ఉదయం ఐదింటి నుంచి రాత్రి దాకా సాధనతో నిండి ఉండే రోజు ఒక్కసారిగా ఖాళీ అయింది. నిద్ర కోసమని మొదలైన మద్యం ఏడాది తిరిగేసరికి పగటికి పాకింది. మాత్రలూ మద్యమూ కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చునని నాకు ఆసుపత్రిలో చెప్పేదాకా తెలియదు.

నా మొదటి కృతజ్ఞత మా వీధి మందుల షాపు యజమానికి. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చిన తర్వాత చీటీ లేకుండా దొరకడం కష్టమైంది. నేను పాత చీటీ మీద తేదీ దిద్ది తిరుగుతూ వచ్చాను. 2023 జూలైలో ఆయన ఆ దిద్దుబాటు గుర్తించి మాత్రలు ఇవ్వనన్నారు. పదిమంది ముందు ఆయన్ను నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ రాత్రి షాపు కట్టేసి ఆయన మా ఇంటికి వచ్చి, అరుగు మీదే నిలబడి, ‘అమ్మా, ఆయనకు కావలసింది మాత్రలు కాదు, వైద్యం’ అని నా భార్యకు చెప్పి వెళ్లారు. పోలీసులకు చెప్పగలిగిన మనిషి ఇంటికి వచ్చి చెప్పారు. నేను బతికి ఉండటం ఆ అడుగుతోనే మొదలైందని నా నమ్మకం.

నా భార్య ఏడవలేదు, పుట్టింటికి వెళ్లలేదు. మరునాడు ఉదయం ఏడేళ్లుగా నేను ముఖం చూపించని మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన మధ్యాహ్నం బస్సుకు దిగి, ఏమీ అడగకుండా నా పక్కన కూర్చుని, ‘ఒరే, ఈ బరువు నీ చేయి దాటిపోయింది, వదిలెయ్’ అన్నారు. పదకొండేళ్ల వయసులో విన్న గొంతే అది. నేను ఆసుపత్రికి ఒప్పుకున్నాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదటి రోజే మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇంత కాలం తాగినవారు ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చునని, రెండు మూడు రోజుల్లో మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చునని, అందుకే వార్డులో ఉంచి బి1 విటమిన్ ఇంజక్షన్లతో, క్రమంగా తగ్గించే మందులతో దించాలని వివరించారు. మూడో రాత్రి బార్ నా గొంతు మీద పడుతున్నదని నేను కేకలు వేశానట. తెల్లవారేదాకా నా చేయి విడవకుండా కూర్చున్న నర్సు గారికి, బయట వరండాలో బల్ల మీద తొమ్మిది రాత్రులు పడుకున్న మాస్టారికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలను? నాలాంటివాడు నేనొక్కణ్ణే అనుకుని కుమిలిపోతుంటే డాక్టరమ్మే పాకిస్తాన్ క్రికెటర్ వసీం అక్రమ్ సంగతి చెప్పారు. 2003లో ఆట నుంచి తప్పుకున్న తర్వాత కొకైన్‌కు బానిసైనట్లు ఆయనే 2022లో బయటపెట్టారు. 2014లో తాగి కారు నడిపి అరెస్టయిన ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ చికిత్స కేంద్రంలో చేరి, 2016 రియో ఒలింపిక్స్‌లో అయిదు స్వర్ణాలు గెలిచినదీ ఆమె నోటనే విన్నాను. పతకాలు నాకు అప్పటికి అక్కరలేదు. చికిత్సకు వెళ్లినవారిలో అంతటివారు ఉన్నారన్న మాటే నాకు అన్నం తినిపించింది.

మా కార్యాలయంలో నా గైర్హాజరును క్రమశిక్షణ కేసుగా రాయకుండా, నియమాలు వెతికి వైద్య సెలవుగా నమోదు చేసిన అధికారికి, నా వంతు పని మూడు నెలలు పంచుకున్న సహోద్యోగులకు నమస్కారాలు. మద్యం మానదలచినవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆదివారం సాయంత్రం సమావేశంలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంచే పెద్దాయనకు మరీ మరీ. ఆయన నన్ను ఏ పతకాలు వచ్చాయని ఎన్నడూ అడగలేదు, ఈ రోజు ఎలా గడిచిందని మాత్రమే అడుగుతారు.

ఇది చదువుతున్న క్రీడాకారుల్లోగాని, వారి ఇళ్లలోగాని ఎవరికైనా అవసరమైతే మత్తు విముక్తి కోసం జాతీయ సహాయ నంబరు 14446 ఉంది, మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. రెండూ ఉచితం.

మాస్టారూ, మీ మోకాళ్ల నొప్పి సంగతి ఇంట్లో చెప్పారు. వచ్చే ఆదివారం నుంచి ఉదయం ఐదున్నరకు షెడ్డు తాళం నేనే తీస్తాను. కొత్తగా చేరిన నలుగురు పిల్లలకూ ఖాళీ బార్ ఇచ్చి, వదలడం మొదలుపెట్టిస్తాను. మీరు ఎండ కాస్త ఎక్కాక నెమ్మదిగా రండి.