గేమ్ అప్‌డేట్ వివరాలు తెలుగులోనూ ఇవ్వాలి

అయ్యా,

వరంగల్, హనుమకొండల్లో మొబైల్ గేమ్‌లు తయారుచేస్తున్న మన యువత ఆటగాళ్లతో మాట్లాడటం మీదా శ్రద్ధ పెట్టాలి. ప్రతి అప్‌డేట్‌కూ 'చిన్న లోపాలు సరిచేశాం' అంటే ఎవరికేం తెలుస్తుంది? ప్లే స్టోర్‌లో అప్‌డేట్ వివరాలకు ఒక్కో భాషకు 500 అక్షరాల చోటుంది, తెలుగుకు కూడా. 'మూడో లెవెల్‌లో వంతెన దాటగానే గేమ్ ఆగిపోయేది, సరిచేశాం' అని రాయండి. అప్‌డేట్‌ను ముందు 10 శాతం మందికే వదిలితే ఆ మాటా చెప్పాలి. లేకుంటే పాత వెర్షన్‌లోనే ఉన్నవాళ్లు మనం అబద్ధమాడామనుకుంటారు.

ఆటగాళ్లు అక్కడ రాసే రివ్యూకు మనమిచ్చే జవాబుకు చోటు 350 అక్షరాలే. దాన్ని క్షమాపణలతో నింపకుండా ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, గేమ్ వెర్షన్, ఆగేముందు ఏం నొక్కారో అడగాలి. బాగయ్యాక అదే జవాబును మార్చి రాయాలి. ఆటగాళ్లూ 'పనిచేస్తలేదు' అని వదిలేయకుండా ఈ నాలుగూ రాస్తే లోపం త్వరగా దొరుకుతుంది.

– మొబైల్ గేమ్ డెవలపర్లు, హనుమకొండ