పేరు తీయడానికి వారం, ఎక్కించడానికి ఆరేళ్లు దాటాలా? పౌరసరఫరాల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరి మహిళా సంఘానికి వీఓఏని. సంఘం పుస్తకాలు రాయడం నా పని. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, నాలుగు ముక్కలు టైప్ చేయడం వచ్చు కాబట్టి రేషన్ కార్డు దరఖాస్తులు చూసే పని కూడా ఎప్పుడో నా మీద పడింది. ఎవరూ అప్పగించలేదు, ఎవరినీ పైసా అడగలేదు. పొద్దున నేను వాకిలి ఊడ్చేసరికే ఎవరో ఒకరు ఆధార్ జిరాక్సులు పట్టుకుని మా అరుగు మీద కూర్చుని ఉంటారు. "అక్కా, నా స్టేటస్ ఒకసారి చూడవా?" అంటారు. చూస్తాను. నిన్న ఏముందో ఇవాళా అదే ఉంటుంది.

ప్రజావాణిలో రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాం. టోల్ ఫ్రీ నంబరుకు ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. "కంప్లయింట్ నోట్ చేసుకున్నామమ్మా" అన్న మాట తప్ప ఇంకేమీ వినలేదు. ఇంక ఎవరికి చెప్పుకోవాలో తెలియక నేరుగా మీకే రాస్తున్నాను. పథకం సంగతి మీకు వివరించేంతదాన్ని కాదు. పెళ్లయి మా ఊరొచ్చిన కోడళ్ల పేర్ల గురించి మాత్రం చెప్పుకుంటాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మా వెనక వాడకట్టులో ఒక కోడలు పిల్ల ఉంది. 2018లో పెళ్లయింది. మరుసటి ఏడు, తల్లిగారింటి కార్డులో పేరు తీయించుకుంటేనే అత్తగారి కార్డులో ఎక్కుతుందని అన్నారు. నిజమే, ఒక ఆధార్ రెండు కార్డుల్లో ఉండకూడదు. ఆ మాట ఆ పిల్లకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పింది నేనే. వాళ్ల నాన్న మీసేవకు వెళ్లి పేరు తీయించాడు. వారం తిరగకముందే ఆ కార్డులో ఒక యూనిట్, అంటే ఒక మనిషి వాటా, తగ్గింది. అప్పుడే ఇక్కడ పేరు ఎక్కించమని మేం దరఖాస్తు పెట్టాం.

ఆ పేరు ఇవాళ్టికీ ఎక్కలేదు.

తల్లిగారింటి కార్డులో లేదు, అత్తగారింటి కార్డులో లేదు. ఈ మధ్యలో ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్దది బడికి పోతోంది. తల్లి పేరే లేని కార్డులో పిల్లల పేర్లు ఎట్లా ఎక్కుతాయి? ఆ రోజు నేను "తీయించుకో" అనకపోయి ఉంటే కనీసం తల్లిగారింటి నుంచి ఆమె వాటా బియ్యమైనా వచ్చేవి కదా అని నాకు రాత్రుళ్లు అనిపిస్తుంది. ఆ పిల్ల ఒక్కసారి కూడా నన్ను ఆ మాట అనలేదు. అంటే బాగుండు అనిపిస్తుంది.

ఆ ఇంటి లెక్క చెప్తాను. కార్డులో ఉన్నవి మామ, అత్త, కొడుకు, మూడే పేర్లు. మనిషికి 6 కిలోల చొప్పున 18 కిలోలు వస్తాయి. తినేవాళ్లు ఆరుగురు. అందరి పేర్లూ ఉంటే 36 కిలోలు రావాలి. తక్కువ పడ్డ 18 కిలోలు బజార్లో కొంటే, కిలో యాభై అనుకున్నా నెలకు 900 రూపాయలు. ఆ పిల్ల బీడీలు చుడుతుంది. నెలలో ఎన్ని రోజుల బీడీలు ఆ బియ్యానికే పోతాయో అడిగితే తడుముకోకుండా చెబుతుంది.

మొన్న కంట్రోల్ దుకాణం దగ్గర నా కళ్లతో చూశాను. డీలర్ 18 కిలోలు తూచి ఆమె సంచిలో పోశాడు. ఆమె సంచి మూతి కట్టకుండా అట్లాగే పట్టుకుని నిలబడింది. వెనక లైన్లో వాళ్లు తొందర పెడుతున్నారు. "అన్నా, ఇంకో రెండు కిలోలు పోయవా, వచ్చే నెల తగ్గించుకో" అని మెల్లగా అడిగింది. ఆయన మాట్లాడకుండా మిషన్ ఆమె వైపు తిప్పి చూపించాడు. తెర మీద మూడే పేర్లు. ఆయన్ని నేను తప్పు పట్టను. ప్రతి కిలోకూ ఆయన లెక్క చెప్పుకోవాలి. ఆమె సంచి మూతి కట్టి, చిన్నవాణ్ని చంకనెత్తుకుని, సంచి నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

సార్, దొడ్డు బియ్యం రోజుల్లో పేరు లేకపోయినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ బియ్యం చాలా ఇళ్లలో కోళ్లకు పోయేవి, లేదంటే సంచుల్లోనే అమ్ముడుపోయేవి. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం మొదలుపెట్టారు. మా ఊళ్లో ఆ అన్నం పిల్లలు మారు అడిగి తింటున్నారు. ఇది మంచి పని, నేను పదిమందిలో చెబుతాను. కానీ బియ్యం బాగున్నాయి కాబట్టే పేరు లేని మనిషికి ఇప్పుడు ఎక్కువ నొప్పి. పక్కింటి పొయ్యి మీద ఉడుకుతున్న అన్నమే తన ఇంట్లో సగం మందికి లేదు. ఆ ఏడాది జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చినప్పుడు ఊరంతా ఆటోలు మాట్లాడుకుని మోసుకెళ్లారు. ఆ ఇంట్లో ముగ్గురికి ఆ మూడు నెలలూ ఒక్క దెబ్బకే పోయాయి.

దరఖాస్తు సరిగ్గా పెట్టలేదేమో అని మీ అధికారులు అనొచ్చు. ఆ పిల్ల దగ్గర ఒక ప్లాస్టిక్ కవర్ ఉంది. అందులో 2019 మీసేవ రసీదు ఉంది, అచ్చు వెలిసిపోతే నంబరు నేనే పెన్నుతో దిద్దాను. దాని కింద ప్రజాపాలన రసీదు. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా అర్జీలు తీసుకున్నారు కదా, అప్పటిది. ఆ ఫారంలో రేషన్ కార్డుకు గడి లేదు, తెల్లకాగితం మీద రాసి జతచేయమన్నారు. రాశాం. దాని కింద 2025 జనవరి గ్రామసభలో ఇచ్చిన కాగితం జిరాక్సు. ప్రజాపాలనలో ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వనక్కర్లేదని ఒకరు, ఇవ్వకపోతే పోతుందని ఒకరు చెప్పారు. పోతుందేమో అన్న భయమే ఎక్కువ కాబట్టి ఇచ్చాం. తర్వాత ఫిబ్రవరిలో మీసేవలో మళ్లీ ఆన్‌లైన్ దరఖాస్తులు తీసుకుంటున్నారని తెలిసి మండలానికి పరుగెత్తాం. నాలుగు కాగితాలు, ఒకటే అడుగుతున్నాయి.

ఆ ఫిబ్రవరి రోజు నాకు బాగా గుర్తుంది. ఏడింటికల్లా లైన్లో ఉన్నాం. పదకొండింటికి సర్వర్ డౌన్ అన్నారు. చిన్నవాడు ఆమె చెంగు పరిచిన చోటే మెట్ల మీద నిద్రపోయాడు. రెండు దాటాక మా వంతు వచ్చింది. ఆపరేటర్ పిల్లల ఆధార్ చూసి, అడ్రస్ వేరే ఊరిది ఉందన్నాడు. ఉంటుంది కదా సార్! మా దగ్గర కాన్పు తల్లిగారింట్లోనే చేస్తారు. బిడ్డ అక్కడ పుట్టింది, ఆధార్ అక్కడే తీశారు, అడ్రస్ అక్కడిదే పడింది. మార్చుకుని రమ్మన్నారు. ఆధార్ సెంటర్‌కు పోతే ఆ రోజు టోకెన్లు అయిపోయాయి. మళ్లీ పోతే తల్లి ఆధార్‌కు లింక్ అయిన ఫోన్ నంబరు చూడమన్నారు. పెళ్లికి ముందు వాళ్ల నాన్న పేరు మీద తీసుకున్న సిమ్ అది, ఎప్పుడో బంద్ అయింది. ఓటీపీ ఎవరికి పోతుందో దేవుడికెరుక. ఆ నంబరు మార్పించడానికి ఒక రోజు, అడ్రస్ మార్పించడానికి ఒక రోజు, అది అప్‌డేట్ అయిందాకా ఆగి మీసేవకు ఇంకో రోజు. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి టికెట్ డబ్బులు మిగిలాయి, ఆ మేలు మరిచిపోను. కానీ బస్సెక్కిన రోజు చాట ముందు కూర్చోలేదు, బీడీలు చుట్టలేదు, ఆ రోజు కూలి రాలేదు.

ఇంత చేసి దరఖాస్తు ఆన్‌లైన్‌లో పడింది. ఇప్పుడు అది ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) లాగిన్‌లో ఉందంటారు, తహసీల్దార్ లాగిన్‌లో ఉందంటారు, డీఎస్ఓ (జిల్లా పౌరసరఫరాల అధికారి) లాగిన్‌కు పోయిందంటారు. బడి మొహం చూడని ఆడవాళ్లకు కూడా మా ఊళ్లో ఈ లాగిన్ల పేర్లు నోటికొచ్చాయి. ఒకసారి వెనక్కి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇంగ్లీషులో ఒక్క ముక్క ఉంది: పేరు వేరే కార్డులో ఉందట. 2019లో తీయించిన పేరే! తీసేసినట్టు రసీదు ఉంది, వాళ్ల నాన్న కార్డులో యూనిట్ తగ్గి బియ్యం రావడం ఆగిపోయింది, కానీ కంప్యూటర్‌లో ఎక్కడో ఇంకా ఉందట. మరి ఆ పేరు మీద బియ్యం ఎవరు తింటున్నారని నేను అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేరు.

కంప్యూటర్ చెప్పిందే ఖాయమనుకుంటే ఏమవుతుందో ఈ రాష్ట్రం ఒకసారి చూసింది. 2016లో మన దగ్గర దాదాపు 19 లక్షల కార్డులు కంప్యూటర్ లెక్కతో రద్దయ్యాయి. ఇంటికొచ్చి చూసినవాళ్లు లేరని సుప్రీంకోర్టు దాకా పోయారు. 2022లో కోర్టు ఆ కార్డులన్నీ మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని చెప్పింది. అప్పుడు మీరు మంత్రి కాకపోవచ్చు, ప్రభుత్వమూ వేరు. కానీ పొయ్యి మీద గిన్నె పెట్టేవాళ్లకు ప్రభుత్వం ఎప్పుడూ ఒకటే.

ఇంకో మాట. కార్డులో ఉన్న మనిషి తనే అని వేలిముద్ర పెట్టి రుజువు చేసుకునే ఈ-కేవైసీ సంగతి మా బీడీ కార్మికులను అడిగి తెలుసుకోండి. ఏళ్ల తరబడి ఆకు కత్తిరించి, చుట్టి, దారం కట్టిన వేళ్లు నున్నగా అరిగిపోయాయి. మిషన్ మీద బొటనవేలు పెడితే పడదు, చూపుడు వేలు పెడితే పడదు, తడి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టమంటారు. మా అత్తకు ఐదోసారి పడింది. కొందరికి అప్పటికీ పడదు.

కేంద్రం ఇంకా 2011 జనాభా లెక్కల మీదే కోటా ఇస్తోందని, అంతకు మించిన కార్డుల బరువు రాష్ట్రమే మోస్తోందని నాకూ తెలుసు. ఒక పేరు తీస్తే ఖర్చు తగ్గుతుంది, ఒక పేరు ఎక్కిస్తే పెరుగుతుంది. అందుకే తీయడం త్వరగా, ఎక్కించడం మెల్లగా జరుగుతోందని మా సంఘంలో అనుకుంటున్నారు. అది నిజం కాకూడదని నేను కోరుకుంటున్నాను. నిజం కాకపోతే పని చేసి చూపించండి.

అయ్యా, మేం అడిగేది ఇది. ఆడపిల్ల పేరు ఒక కార్డులోంచి ఇంకో కార్డులోకి పోవడానికి ఒకటే దరఖాస్తు పెట్టండి. ఇక్కడ ఎక్కిన రోజే అక్కడ తీయండి, ఎక్కేదాకా అక్కడే ఉంచండి. బ్యాంకులో మన డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు పంపితే ఆరేళ్లు గాల్లో ఉంటుందా? మనిషి తిండి ఎందుకుండాలి? దరఖాస్తు వెనక్కి పంపితే ఎందుకు పంపారో తెలుగులో, మాలాంటివాళ్లకు అర్థమయ్యేట్టు రాయండి, ఎవర్ని కలవాలో రాయండి. నెలకు ఒక్క రోజైనా, ఆధార్ సరిచేసే మనిషి, కార్డు సరిచేసే మనిషి ఇద్దరూ ఒకేసారి మా పంచాయతీ ఆఫీసుకు వచ్చి కూర్చునేట్టు చేయండి. వేలిముద్ర పడనివాళ్ల కోసం కనుపాప చూసి గుర్తుపట్టే మిషన్ కూడా తెమ్మనండి. మళ్లీ చెబుతున్నాను, తీయడం ఎక్కించడం ఒకే కాగితంలో పెట్టండి. మిగతావి ఆలస్యమైనా ఓర్చుకుంటాం, ఇది మాత్రం చేయండి.

2013 ఆహార భద్రత చట్టం ఇంట్లో 18 ఏళ్లు దాటిన పెద్ద ఆడమనిషినే కార్డుకు యజమానిగా పెట్టమంది. ఆ మాట చదివినప్పుడు నాకు ఎంతో గొప్పగా అనిపించింది. సంఘం మీటింగులో అందరికీ చదివి వినిపించాను. ఆ పిల్ల కూడా వెనక వరుసలో కూర్చుని వింది. మీటింగ్ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "యజమాని పేరు తర్వాత సంగతక్కా, ముందు నా పిల్లల పేర్లన్నా ఎక్కుతాయా?" అని అడిగింది. "ఎక్కుతాయి" అన్నాను. మీ మీద నమ్మకంతో అన్నాను.

ఆమె దరఖాస్తు నంబరు, పాత రసీదుల జిరాక్సులు, మా ఊళ్లో ఇట్లాగే రెండు కార్డుల మధ్య ఆగిపోయిన మిగతా కోడళ్ల వివరాలు విడిగా మీ పేషీకి రిజిస్టర్ పోస్టులో పంపాను. అందులో నా ఫోన్ నంబరు ఉంది. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఎప్పుడు చేసినా ఎత్తుతాను. పత్రాలు ఏవి తక్కువైనా నేనే తెచ్చి ఇస్తాను. ఎవరినైనా విచారణకు పంపితే ఇల్లిల్లూ నేనే వెంటబెట్టుకుని తిప్పుతాను.

ఇట్లు,
మహిళా సంఘం పుస్తకాలు రాసే ఒక వీఓఏ,
ఉమ్మడి నిజామాబాద్ జిల్లా