సవర లెక్కలో ముప్పై మూడు అంటే ఏంటో తెలుసా ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి మీద మీరు వేసిన పేజీ చదివాను. బాగుంది, వ్యావహారిక భాష కోసం ఆయన పడ్డ గొడవంతా వచ్చింది, ఫొటో కూడా పెద్దదే వేశారు. కానీ మన కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష దగ్గరికొచ్చేసరికి ఒకే ఒక్క లైను, సవరలకి సేవ చేశారట. సేవ అంటే ఏంటండీ, దుప్పట్లు పంచారా? పర్లాకిమిడిలో మాస్టారుగిరీ చేసుకుంటూ ఎవరూ అడక్కుండా ఆ భాష నేర్చుకుని, కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకుని, క్వినైన్ మింగీ మింగీ చెవులు పోగొట్టుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చులోకి తెచ్చిన మనిషి ఆయన. సరే, నా గోల పంతులు గారి గురించి కాదు, ఆయన అంత కష్టపడి రాసుకున్న ఆ భాషలో లెక్క ఎలా పెడతారో మనలో ఎంతమందికి తెలుసు అని.

నేను సీతంపేట వైపు కొండ ఊళ్ళలో ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇరవై రెండు అంటే సవర లెక్కలో ఒక కొడీ, దాని మీద రెండు. కొడి అంటే ఇరవై, పక్కన ఒడియావాళ్ళు కూడా ఇరవైని కొడియే అనే అంటారు కాబట్టి అందులో వింతేం లేదు. అసలు వింత పన్నెండు దగ్గరుంది.

అబోయ్, బాగు, యాగి, ఉంజి, మొన్‌లోయ్, తుడ్రు, గుల్‌జి, తంజి, తింజి, గల్‌జి, ఇవి పది. పదకొండు గల్‌మూయ్, పన్నెండు మిగ్గల్. (ఊరు మారితే పలుకు కొంచెం మారుతుంది, మన అక్షరాల్లో అచ్చంగా రాయడం కూడా కుదరదు, తప్పులుంటే సవర చదువరులు క్షమించాలి.) మనమైతే పది దాటగానే మళ్ళీ పది మీద ఒకటి, పది మీద రెండు అని మొదలెడతాం కదా, వాళ్ళు పన్నెండు దాకా పోయి అక్కడ ఆగుతారు. పదమూడు అంటే మిగ్గల్‌బోయ్, పన్నెండూ ఒకటి. అలా పంతొమ్మిది అంటే మిగ్గల్ గుల్‌జి, పన్నెండూ ఏడు. తర్వాత ఇరవై రాగానే బొకొడి, ఒక ఇరవై. ఇక దాని మీద మళ్ళీ ఒకటి నుంచి పన్నెండు దాకా ఎక్కడం, అక్కణ్ణుంచి ఏడు దాకా, ఇంకో ఇరవై. అంటే ముప్పై రెండు బొకొడి మిగ్గల్, ఇరవై పన్నెండు. ముప్పై మూడు బొకొడి మిగ్గల్‌బోయ్, ఇరవై పన్నెండు ఒకటి. తొంభై మూడు అయితే నాలుగిరవైలు, పన్నెండు, ఒకటి. ఫ్రెంచివాళ్ళు తొంభై మూడుని నాలుగిరవైల పదమూడు అంటారని చెప్తే ఆహా అంటాం, మన పక్క కొండ మీద ఇది వింటే మాత్రం పాపం లెక్క రాదు వీళ్ళకి అంటాం.

నేనూ అలా అనుకున్నవాణ్ణే, అబద్ధం ఎందుకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సంతలో ఒక ముసలామె దగ్గర స్కూల్ పిల్లల కోసం అనాస పళ్ళు బేరం చేశాను, కుప్ప మొత్తం నాకే ఇచ్చెయ్యమన్నాను. ఆమె కింద కూర్చుని ఒక్కో పండూ ఇటు నుంచి అటు పెడుతూ తనలో తను లెక్కపెట్టుకుంది, ఇరవై అవ్వగానే ఒక గులకరాయి పక్కన పెట్టింది, తర్వాత పన్నెండు దగ్గర ఒక చిన్న పుల్ల పెట్టింది, ఇంకో పండు మిగిలింది. బొకొడి మిగ్గల్‌బోయ్ అంది. నాకేమో అందులో మూడు ముక్కలు వినపడ్డాయి గానీ ఒక నంబరు వినపడలేదు. మళ్ళీ నేను పది పదిగా మూడు వరసలు పేర్చి, మిగిలిన మూడూ చూసుకుని ముప్పై మూడు అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసి "ఏటి బాబూ, ఇంత సేపా" అంది. ఆ రోజు లెక్క రానివాణ్ణి నేనే.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. రెండో క్లాసు పిల్లాణ్ణి ముప్పై మూడు అంకెల్లో రాయమంటే పలక మీద 20121 అని రాశాడు. చూడ్డానికి వచ్చిన ఒక ఆఫీసరు గారు (పేరు ఎందుకు లెండి) వాడి ముందే పలక లాక్కుని, ఏం చెప్తున్నారు మీరు వీళ్ళకి అని నన్ను కసిరారు. ఆయనకి నేను అప్పుడు చెప్పలేకపోయాను, ఇన్నేళ్ళకి మీ పేపర్లో చెప్తున్నాను, వాడు రాసింది తప్పే గానీ తెలివితక్కువ తప్పు కాదండీ. 20, 12, 1, విన్నది విన్నట్టు పెట్టాడు. మన పిల్లలు నూట ఐదుని 1005 అని రాయరా? అదీ ఇదీ ఒకటే. మనవాడైతే నవ్వి దిద్దుతాం, సవర పిల్లాడైతే బుర్ర లేదని రిపోర్టులో రాస్తాం.

ఆ తర్వాత నేను వేళ్ళ మీద చెప్పడం మొదలెట్టాను. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ గణుపులు తాకుతూ పోతే వేలికి మూడు చొప్పున పన్నెండు వస్తాయి కదా, మన ముసలమ్మలు జపం చేసుకునేది కూడా అలాగే. అది మిగ్గల్. ఇంకో ఎనిమిది గణుపులు పోతే బొకొడి. ఆ ఇరవైనే రెండు పది పుల్లల కట్టలుగా విప్పి చూపించేవాణ్ణి. అంతే, పిల్లలు నా కంటే ఫాస్ట్ అయిపోయారు.

పదే అసలు లెక్క, మిగతావన్నీ అనాగరికం అనేవాళ్ళకి ఒక మాట. మన తాతలు పుట్టికి ఇరవై తూములు, తూముకి నాలుగు కుంచాలు అని ధాన్యం కొలిచారు, రూపాయికి పదహారణాలు అన్నారు, చింతపిక్కల్ని పుంజీలు పుంజీలుగా నాలుగేసి ఎంచారు. ఇవాళ్టికీ అరటిపళ్ళు డజను లెక్కనే కొంటున్నాం. అంటే మిగ్గల్ లెక్కనే అనుకోండి.

సవర మాట్లాడేవాళ్ళు దేశం మొత్తమ్మీద 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల పైచిలుకు ఉన్నారు. తెలుగుకీ దానికీ చుట్టరికం లేదు, అది ముండా అనే వేరే కుటుంబానికి చెందిన భాష. ఒడిశా వైపు 1936లో మంగై గొమాంగో గారు సొరాంగ్ సొంపెంగ్ అని ప్రత్యేకంగా లిపే తయారుచేశారు, అందులో అంకెలు కూడా ఉన్నాయి, 2012లో కంప్యూటర్లు అక్షరాలకి వాడే యూనికోడ్‌లోకీ ఎక్కాయి. (అదే 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోతే పంతులు గారు ఊరొదిలి రాజమండ్రి వచ్చేశారు, ఏం సంవత్సరమో అది.) అయితే ఆ అంకెలు సున్నా నుంచి తొమ్మిదే, అంటే రాసేది పది లెక్క, నోటితో అనేది పన్నెండు, ఇరవై లెక్క.

ఆ నోటి లెక్కే పోతోంది. నా దగ్గర చదివిన పిల్లలకి ఇప్పుడు పిల్లలున్నారు, ఐదారు దాకా సవరలో అంటారు, ఆ పైన తెలుగే. బస్సు చార్జీ తెలుగు, రేషన్ కిలోలు తెలుగు, ఫోన్ నంబరైతే ఇంగ్లీషు, ఆ మాటకొస్తే మనమూ ఫోన్ నంబరు ఇంగ్లీషులోనే చెప్తున్నాం కదా. ఉమ్మడి రాష్ట్రంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న క్లాసుల పుస్తకాలు వచ్చాయి, మంచి పనే, కానీ పుస్తకం సవరలో ఉన్నా చెప్పే మాస్టారికి లెక్క మిగ్గల్ దగ్గర ఎందుకు ఆగిందో తెలీకపోతే ఏం లాభం.

అందుకని మిమ్మల్ని అడిగేది చిన్నదే. మీ ఆదివారం పిల్లల పేజీలో పొడుపుకథల పక్కన రెండంగుళాల జాగా ఇవ్వండి, వారానికి ఒక సవర అంకె వేద్దాం, తర్వాత గదబ, కోయ, గోండి ఏవైనా వేద్దాం. మొదటి వారానికి ప్రశ్న నేనే పంపిస్తున్నాను, ముప్పై తొమ్మిదిని సవరలో ఏమంటారు? జవాబు కావాలంటే ఈ ఉత్తరంలోనే ఉంది, వెతుక్కోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మాస్టారు, పాలకొండ