తన తువ్వాలు నా తలకింద పెట్టిన పెద్దాయనకు

మా అబ్బాయి పద్దెనిమిది రోజుల తర్వాత నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాడు. పెరుగన్నం తిని, అడగకుండానే మాత్ర వేసుకుని పడుకున్నాడు. వాడు నిద్రపోతుండగానే ఇది రాస్తున్నాను, తప్పులుంటే మన్నించగలరు.

మొదటి రోజు విశాఖలోని ఒక ఆసుపత్రి వరండాలో ఓపీ చీటీతో కూర్చున్నప్పుడు, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న నా కొడుకు, పక్కింటివాళ్లు ఫోన్‌లోంచి తన ఆలోచనలు వింటున్నారని, నేనూ వాళ్లతో కలిసిపోయానని అందరి ముందూ కేకలు వేశాడు. అలాంటిదేమీ లేదని వాదిస్తున్న నన్ను ఒక పెద్దాయన పక్కకు పిలిచారు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఆయన, పదకొండేళ్లుగా స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధితో ఉన్న కుమారుడిని వెంటబెట్టుకుని నెల మందుల కోసం వచ్చారు. “తమ్ముడూ, అబద్ధమని వాదించకు, నిజమేనని ఒప్పుకోకు. భయమేస్తోందా నాన్నా అని మాత్రం అడుగు” అన్నారు. అడిగాను. వాడు తలూపి నా చెయ్యి పట్టుకున్నాడు.

నిద్రపోయి ఎన్నాళ్లయిందని ఆయన నన్నడిగారు. నెలన్నరగా నన్నెవరూ అడగని ప్రశ్న అది. జవాబు రాలేదు, ఏడుపొచ్చింది. పిల్లలిద్దరినీ తాను చూసుకుంటానని చెప్పి నన్ను బల్లమీద పడుకోమన్నారు. రెండు గంటల తర్వాత లేచేసరికి ఆయన తువ్వాలు మడతపెట్టి నా తలకింద ఉంది. మా అబ్బాయీ వాళ్లబ్బాయీ ఒకే పొట్లంలోని వేరుశెనగలు తింటున్నారు. ఆయన ఎక్కవలసిన బస్సు వెళ్లిపోయింది.

పడక ఖాళీ లేదని ఆ రోజు మందులిచ్చి పంపేశారు. మూడో రాత్రి రెండు గంటలకు అబ్బాయి మెడ ఒకవైపుకు తిరిగిపోయి మాట రాకపోతే, ప్రాణం పోతోందనుకుని ఆయనకే ఫోన్ చేశాను. కొన్ని మందులకు కండరాలు అలా పట్టేస్తాయని, తన కొడుక్కీ ఒకసారి జరిగిందని, మందుల చీటీ పట్టుకుని వెంటనే క్యాజువాల్టీకి వెళ్లమని చెప్పి, మేము చేరేదాకా ఫోన్ పెట్టలేదు. ఇంజెక్షన్ ఇచ్చాక అరగంటలో సర్దుకుంది. మందు రాసినవారు ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే ఆ రాత్రి మాకు అంత నరకం ఉండేది కాదు. అసలు ఆయన మందుల తేదీ ఆ రోజు కాకపోయి ఉంటే మా గతి ఏమిటి? మొదటిసారి వచ్చిన కుటుంబం పక్కన, ఇదంతా దాటి వచ్చిన మరో కుటుంబాన్ని కూర్చోబెట్టే ఏర్పాటు ఆసుపత్రి ఎందుకు చేయదు?

శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతున్నా, మా బీమా సంస్థ క్లెయిమును తిరస్కరించింది. ఆ సెక్షన్ సంఖ్య కూడా ఆయన తన నోటుపుస్తకంలోంచి చదివి చెప్పిందే. అప్పీలు రాస్తున్నాను.

నా భార్య, అన్నయ్య, వదిన పడిన శ్రమ వేరే చెప్పనక్కరలేదు.

ఇంకా గుర్తొస్తున్నారు: ఆసుపత్రికి వెళ్లమని మొదట ధైర్యం చెప్పిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ కేంద్రం 14416 టెలిమానస్‌లోని అమ్మాయికి, అర్ధరాత్రి డబ్బు మాట ఎత్తకుండా తీసుకెళ్లిన ఎదురింటి ఆటో అబ్బాయికి, కాలేజీలో హాజరు సంగతి మాట్లాడిన వాడి స్నేహితులకు, రక్తం తీసేటప్పుడల్లా వాడిని పేరుపెట్టి పలకరించిన సిస్టరు గారికి కూడా నా నమస్కారాలు.