గండికోట అంచు ఇంకా రాలుతూనే ఉంది

సంపాదకులకు నమస్కారం.

గండికోటకు వచ్చే టూరిస్టుల గురించి మీరు వేసిన పేజీ చూశాను. లోయ అంచున కాళ్లు వేలాడేసి సెల్ఫీ తీసుకుంటున్న కుర్రాళ్ల ఫొటో దగ్గర నా చూపు ఆగిపోయింది. జమ్మలమడుగులో సోషల్ చెప్పి రిటైరైన వాణ్ణి కాబట్టి ఈ నాలుగు మాటలు.

భూకంపానికి కొండ చీలి ఈ లోయ ఏర్పడిందని అక్కడ చాలామంది చెబుతుంటారు. చీలితే మధ్యలో ఉండాల్సిన రాయంతా ఏమైనట్టు? పెన్న దాన్ని అరగదీసి ఇసుకగా, గులకరాళ్లుగా కిందికి మోసుకుపోయింది. నీళ్లొక్కటే ఇంత రాతిని కోయలేవు. వరదలో దొర్లే ఇసుక, రాళ్లు గరుకు కాగితంలా అడుగుబండను రుద్దుతాయి. ఎండాకాలంలో పెన్నను చూసి "ఈ ఇసుక ఏరు కొండను కోసిందా సార్?" అని పిల్లలు నవ్వేవాళ్లు. ఏరు పని చేసేది వరద రోజుల్లోనే. 2021 నవంబరులో పెన్న ఉపనది చెయ్యేరు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను ఎలా ఊడ్చుకుపోయిందో మన జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. మట్టికట్టా రాతికొండా ఒకటి కావు, నిజమే. కానీ ఏటికి తొందర లేదు, లక్షల ఏళ్లు చేతిలో ఉన్నాయి.

అంచు సంగతికి వస్తాను. గండికోట రాయి క్వార్ట్‌జైట్, అంటే ఎప్పుడో పేరుకున్న ఇసుక గట్టిపడి అయిన రాయి. వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. మెత్తటి రాయి అయితే లోయ గట్లు ఏటవాలుగా జారిపోయేవి. ఇది గట్టిది కనుక గోడలా నిలబడింది. అయితే దీని నిండా నిలువు పగుళ్లు. వాన నీరు, చెట్ల వేళ్లు వాటిలోకి దిగుతాయి, కింద ఆధారం తగ్గుతుంది, ఒకరోజు బండ ఊడి పడుతుంది. లోయ అడుగున ఇళ్లంతేసి గుండ్లు కనిపిస్తాయే, అవన్నీ అలా పైనుంచి పడ్డవే. లోయ వెడల్పులో చాలా భాగం ఇలా వచ్చిందే. పైన గండికోట రిజర్వాయరు, కింద మైలవరం డ్యాం వచ్చాక ఏటి జోరు తగ్గింది గానీ, ఈ పగుళ్ల పని ఆగలేదు. కుర్రాళ్లు కూర్చునే బండ వెనక పగులు ఉందో లేదో చూసుకునేది ఎవరు?

కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలదీ నీటి పనే, కాకపోతే అక్కడిది సున్నపురాయి, నీటికి కరుగుతుంది. రెండూ ఒకే రోజులో చూసి రావచ్చు. పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లే టీచర్లు ఈ తేడా చూపిస్తే ఒక పాఠం పూర్తయినట్టే.

అధికారులకు నా విన్నపం: లోయ ఎలా ఏర్పడిందో, బండలు ఎందుకు ఊడతాయో బొమ్మతో సహా తెలుగులో ఒక పెద్ద బోర్డు పెట్టండి. రెయిలింగ్ వేస్తే మాత్రం అంచు బండల మీద బోల్టులు కొట్టొద్దు. పగుళ్లు చూడగలిగిన వాళ్లను తీసుకొచ్చి, వాళ్లు గీసిన గీతకు ఇవతలే వేయండి.

— ఒక రిటైర్డ్ టీచర్, జమ్మలమడుగు