గుర్తు కనబడకపోయినా ఫైబర్ లోపల విడిపోతుంది

సంపాదకులకు నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో 18 ఏళ్లుగా ఫైబర్ పని చేస్తున్నాను. ఫైబర్ అంటే గాజు దారాల పొరలను రెసిన్ అనే జిగురుతో అతికించి చేసే పలక. పోయిన నెల కృష్ణలో తిరిగే ఒక పడవ మా దగ్గరకు వచ్చింది. ఎప్పుడో లంగరు జారి డెక్ మీద పడిందట, గోరంత గుర్తే కదా అని ఎవరో పుట్టీ పెట్టి రంగేసి పంపేశారు. ఇప్పుడు నలుగురు ఒకచోట నిలబడితే అక్కడ డెక్ పూరీలా ఉబ్బుతోంది! కోసి చూస్తే లోపల పొరలు అరచెయ్యంత మేర విడిపోయి ఉన్నాయి. దెబ్బ పైకి చిన్నగానే కనిపిస్తుంది, లోపలికి వెళ్లే కొద్దీ వెడల్పవుతుంది.

ఇలా విడిపోయిన ఫైబర్‌ని లాగి చూస్తే పెద్ద తేడా తెలియదు, గాజు దారాలు తెగలేదు కాబట్టి అవి మోస్తాయి. నొక్కినప్పుడే బండారం బయటపడుతుంది. మనం డెక్ మీద నిలబడితే కింది పొరలు సాగుతాయి, పై పొరలు నొక్కుకుంటాయి, అంటుకుని లేని పలచటి పొర ఆ నొక్కుడికి ఆగలేక పైకి లేస్తుంది. శుభలేఖని రెండు అంచులు పట్టుకుని లాగండి, తర్వాత లోపలికి నెట్టండి, మీకే తెలుస్తుంది. 6 మి.మీ. పలక సరిగ్గా మధ్యలో విడిపోయి రెండు 3 మి.మీ. రేకులైతే, వంగకుండా నిలిచే శక్తి సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా లేచిన పొర అంచుల దగ్గర రెసిన్‌ని ఇంకా చీలుస్తూ పోతుంది, అందుకే నిరుడు బాగానే ఉన్న డెక్ ఈ ఏడు ఉబ్బుతుంది.

విమానాల ప్యానెళ్లకైతే ముందు బరువు పడేసి దెబ్బ కొట్టి, ఆ తర్వాత అంచుల నుంచి నొక్కి ఎంతవరకు తట్టుకుంటుందో చూసే పరీక్షే ఉంది. మన పడవలకు అంత అక్కర్లేదు, తనిఖీకి వచ్చే అధికారులు ఒక రూపాయి బిళ్లతో డెక్ అంతా తట్టి చూస్తే చాలావరకు దొరికిపోతుంది. బాగున్నచోట ఖంగుమంటుంది, విడిపోయినచోట డొల్లగా మోగుతుంది. మరీ లోతున ఉంటే మాత్రం అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించాల్సిందే. దొరికినచోట పుట్టీ పెడితే లాభం లేదు, విడిన పొరలన్నీ గ్రైండ్ చేసి, 1 మి.మీ. మందానికి 12 మి.మీ. చొప్పున ఏటవాలు తీసి, కొత్త గాజు దారాల మ్యాట్ రెసిన్‌తో వేయాలి. టైమ్ పడుతుంది, ఖర్చూ అవుతుంది.

ఆ పడవాయన ఆదివారం ట్రిప్పులున్నాయి, ఈ ఒక్కసారికి పైపైన సర్దెయ్యమని బతిమాలారు. నేను ఒప్పుకోలేదు.

- ఒక ఫైబర్ పనివాడు, ఆటోనగర్, విజయవాడ