అమ్మేటప్పుడు ఉన్న వారంటీ రిపేరు వచ్చాక ఏమైంది?

సంపాదకులకు నమస్కారం.

గత డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని ఓ పెద్ద సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్ దగ్గర 4,85,000 రూపాయలు పెట్టి పెట్రోల్ కారు కొన్నాం. మాది ఖమ్మం. నాన్నగారిని నెలనెలా కంటి వైద్యానికి హైదరాబాద్ తీసుకెళ్లాలి. బస్సులో అంతసేపు ఆయన కూర్చోలేకపోతున్నారు. తెలిసినవాళ్ల దగ్గర కొంటే అలాంటి బండే యాభై, అరవై వేలు తక్కువకు వచ్చేది. అయినా షోరూమ్‌కే వెళ్లింది వారంటీ కోసం. ఇంజన్‌కు, గేర్‌బాక్స్‌కు ఏడాది వారంటీ అని చెప్పి, దానికి విడిగా 9,500 రూపాయలు తీసుకున్నారు. "మీరు పెట్రోల్ పోసుకుని తిరగండి మేడమ్, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్నాడు బండి అమ్మిన అబ్బాయి.

మూడు నెలలు కూడా నిండలేదు. మార్చిలో హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దాటి నకిరేకల్ దగ్గరికి వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది. మావారు వెంటనే బండి పక్కకు తీసి ఆపేశారు. బానెట్ సందుల్లోంచి ఆవిరి. నాన్నగారిని చెట్టు నీడన కూర్చోబెట్టి డీలర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే నలభై నిమిషాలు లైన్‌లోనే ఉంచారు. ఈలోగా దగ్గర్లోని షెడ్డు నుంచి ఒక మెకానిక్ వచ్చి, ఇంజన్ చల్లారే వరకు ఆగి, ఆయిల్ పోసే మూత తీసి నా ముందు పెట్టాడు. మూత లోపల తెల్లగా, చిక్కటి మజ్జిగలా పేరుకుని ఉంది. "నీళ్లు ఆయిల్లో కలిసిపోయాయి టీచరమ్మా, హెడ్ గ్యాస్‌కెట్ పోయింది" అన్నాడు. ఇంజన్ అతుకులో ఉండి, నీళ్లు ఆయిల్లో కలవకుండా ఆపే పలక అది. తర్వాత సెల్‌ఫోన్ లైట్ వేసి ఇంకోటి చూపించాడు. ఇంజన్ పైభాగం అతుకు వెంబడి బూడిద రంగు సీలెంట్ (సందులు మూసే జిగురు) కొత్తగా పిసికినట్టు బయటికి పొంగి ఉంది. చుట్టుపక్కల బోల్టులన్నీ తుప్పు పట్టి ఉంటే, అక్కడి బోల్టులు మాత్రం స్పానర్ గాట్లతో మెరుస్తున్నాయి. "ఎప్పుడు విప్పారో నేను చెప్పలేను గానీ, ఈ ఇంజన్ ఇదివరకే విప్పారమ్మా. నేను మాత్రం విప్పను. విప్పితే ఆ సాకు మీ మీదకే వస్తుంది" అన్నాడు. ఫొటోలు తీయించి, మూత బిగించి, మూడు వందలు తీసుకుని వెళ్లాడు. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను. ఆ ఫొటోలే ఇప్పుడు నా చేతిలో ఉన్న సాక్ష్యం.

బండిని టోయింగ్‌లో డీలర్ వర్క్‌షాప్‌కు పంపాం. ఆ ఖర్చు 6,500 మాదే. తొమ్మిది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. వారంటీ వర్తించదట, 62,000 రూపాయలు కడితే రిపేరు చేస్తారట. ఎందుకు వర్తించదని అడిగితే మొదట "బయటి మెకానిక్ ముట్టుకున్నాడు" అన్నారు. మూత తీసి చూడటం తప్ప అతను ఏమీ చేయలేదని ఫొటోలు పంపాను. మర్నాడు ఇంకో మాట. "ఓవర్ హీట్ వల్ల వచ్చిన నష్టం వారంటీలో లేదు, ఏడో పేజీ చూడండి" అన్నారు. ఆ వారంటీ పత్రం మాకు కాగితం మీద ఇవ్వలేదు. డబ్బు కట్టాక సెల్‌కు మెసేజ్‌లో ఒక లింక్ పంపారు. అది పదకొండు పేజీల ఇంగ్లీషు. మూడోసారి గట్టిగా నిలదీస్తే "మేం మధ్యవర్తులం మాత్రమే, లోపం ఉంటే పాత ఓనర్‌ను అడగండి" అన్నారు. వారం రోజుల్లో మూడు కారణాలు. అందులో ఒక్కటైనా రాసి సంతకం పెట్టి ఇవ్వమంటే ఇవ్వలేదు.

ఓవర్ హీట్ సంగతే చూడండి. గ్యాస్‌కెట్ పాడైతే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ పోతుంది, కూలెంట్ పోతే ఇంజన్ వేడెక్కుతుంది. వేడెక్కడం ఆ లోపం బయటపడిన తీరు. జ్వరం వచ్చింది కాబట్టి రోగానికి మందు ఇవ్వం అన్నట్టుంది వీళ్ల వాదన. ముల్లు ఎర్ర గీతలో ఉన్నా లెక్కచేయకుండా నడిపి ఇంజన్ కాల్చుకున్నవాళ్లకు వారంటీ ఇవ్వనంటే నేను ఒప్పుకుంటాను. పాత బండికి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు అరుగుతాయి, అవి కొన్నవాళ్లే వేయించుకోవాలి. నేను అవేవీ అడగలేదు. డబ్బు తీసుకుని మరీ వారంటీ ఇచ్చిన ఇంజన్ గురించి అడుగుతున్నాను. అమ్మిన రోజు మా చేతికిచ్చిన తనిఖీ రిపోర్టులో ఇంజన్‌కు ఎదురుగా "బాగుంది" అని టిక్ పెట్టి ఉంది. ఆ సీలెంట్ తనిఖీ చేసిన వాళ్ల కంటికి ఎందుకు కనబడలేదు?

మధ్యవర్తులమన్న మాటా చెల్లదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం పాత వాహనాలు కొని అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. ఓనర్ బండి అప్పగించినట్టు ఫారం 29సి ద్వారా తెలియజేశాక, తిరిగి అమ్మే వరకు ఆ డీలర్‌నే ఓనర్‌గా పరిగణిస్తారు. అమ్మినప్పుడు ఓనర్, అడిగినప్పుడు మధ్యవర్తి అంటే ఎలా? అయితే ఆ నిబంధనలు చూసుకున్నది బండి ఎవరి పేరున ఉంది, చలానాలు ఎవరు కట్టాలి, ప్రమాదానికి ఎవరు బాధ్యులు అన్న సంగతే. బండి ఏ స్థితిలో అమ్మాలి, వారంటీ ఎలా ఇవ్వాలి అన్న ఊసు వాటిలో లేదు. ఈ కొరత మన రవాణా శాఖ తీర్చాలి. వారంటీ షరతులు డబ్బు కట్టకముందే తెలుగులో, కాగితం మీద ఇవ్వాలి. వారంటీ వర్తించదంటే ఏ భాగానికి, ఏ కారణంతో, ఏ షరతు కింద అన్నది ఇన్ని రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. ఇంజన్ విప్పే ముందు కొన్నవారిని పిలిచి వాళ్ల ఎదుటే విప్పాలి. ముఖ్యంగా ఈ చివరిది. విప్పి కడిగేశాక సాక్ష్యం ఎక్కడ మిగులుతుంది?

ఇలాంటి ఇబ్బందిలోనే ఉన్న పాఠకుల కోసం నాలుగు మాటలు రాస్తాను, ఎందుకంటే నాకూ మొదట ఇవి తెలియవు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సరైన పరీక్ష లేకుండా వస్తువు పనితీరుకు వారంటీ ఇవ్వడమే అనుచిత వ్యాపార పద్ధతి. ఫిర్యాదు కోసం హైదరాబాద్ తిరగక్కర్లేదు, మనం ఉంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు. వకీలు లేకపోయినా మనమే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ ఆ వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపుతుంది. అంతకన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి. నేను చేశాను. డీలర్ వాళ్లు రెండో రోజే పిలిచి "సగం మేం పెట్టుకుంటాం" అన్నారు. వారంటీ వర్తించకపోతే సగం ఎందుకు పెట్టుకుంటారు, వర్తిస్తే నేను సగం ఎందుకు కట్టాలి? ఒప్పుకోలేదు.

కారు ఇంకా వాళ్ల వర్క్‌షాప్‌లోనే ఉంది. వచ్చే వారం నుంచి రోజుకు 300 రూపాయలు పార్కింగ్ పడుతుందని మెసేజ్ పెట్టారు. నాన్నగారిని మొన్న మళ్లీ బస్సులోనే తీసుకెళ్లాం. డీలర్‌కు పోస్టులో నోటీసు పంపి, ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. ఎక్కువమంది వినియోగదారులకు నష్టం జరిగే విషయాల్లో విచారణ జరిపే అధికారం అదే చట్టం కింద కలెక్టర్‌కు కూడా ఉంది. అందుకే కలెక్టర్‌గారికి, రవాణా శాఖ కమిషనర్‌గారికి ప్రతులు పంపాను. ఆ డీలర్‌కు అనుమతి ఇచ్చింది ప్రభుత్వమే కాబట్టి, ఆ అధికారుల నుంచి జవాబు రావాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

- ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం